సకినాల డబ్బాలో బొమ్మల కార్డు

మా బాపుకు చదవడం రాదు. ఆయన మస్కట్‌లో ఉన్నన్నాళ్ళు నేను బొమ్మలు వేసి పంపాను.

మొదట్లో ఉత్తరాలే రాశాను. నాకు పదకొండేళ్ళప్పుడు, అంటే రెండు వేల రెండు ప్రాంతంలో, బాపు మస్కట్ వెళ్ళాడు. కడుతున్న బిల్డింగులకు సెంట్రింగు పని. ఒక రూములో ఎనిమిది మంది, అందరూ ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఉత్తరం వెళ్తే వాళ్ళలో పదో తరగతి చదివిన ఒకాయన అందరి ముందూ గట్టిగా చదివి వినిపించేవాడు. ఒకసారి అమ్మ చెబుతుంటే, "నీ దిక్కే పానం గుంజుతున్నది" అని రాశాను. నాకు ఆ మాట బరువు తెలియదు. అమ్మ చెప్పింది, నేను రాశాను. ఆ ఉత్తరం చదివిన మర్నాటి నుంచి బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి బయలుదేరితే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు అనేవారట: "ఏమే, పానం గుంజుతుందా?"

శుక్రవారం ఫోన్లో బాపు నాతో అన్నాడు, "బిడ్డా, రాసుడు బంద్ వెట్టు. బొమ్మ ఏసి పంపు. బొమ్మైతే నేనే సూసుకుంట. ఒకన్ని చదువుమని అడుగుడు ఉండది."

అమ్మకూ చదువు రాదు. కాబట్టి బొమ్మ ఇద్దరికీ పనికొచ్చింది. అమ్మ చెప్పదలచింది నేను గీసేదాన్ని. సరిగ్గా గీశానో లేదో అమ్మ తానే చూసుకునేది. ఉత్తరంలో ఆమెకు ఆ వీలు ఉండేది కాదు.

కార్డులు కొన్నవి కావు, పెళ్ళి పత్రికలు. గల్లీలో పెళ్ళిళ్ళు అయిపోయాక ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకునేదాన్ని. మందంగా ఉండేవి. అచ్చు ఉన్న వైపు మైదా జిగురుతో తెల్ల కాగితం అంటించేదాన్ని. మూలలకు రాసిన పసుపు మాత్రం అలాగే ఉండేది. స్కెచ్ పెన్నుల డబ్బా ఒకటి ఉండేది గాని, అందులో పసుపు, ఎరుపు అన్నిటికన్నా ముందు ఎండిపోయాయి. పసుపుకు మా ఊళ్ళో కొదవ లేదు. ఎరుపు అవ్వ నేర్పింది. తాను ఆకులో వేసుకునే సున్నం చిటికెడు తీసి నా పసుపు నీళ్ళలో కలిపి, "సూడు" అంది. ఎర్రబడింది. ఆ ఎరుపుతో మొదట వేసింది అవ్వ చీరే.

అవ్వ అంటే బాపు వాళ్ళ అమ్మ. మాతోనే ఉండేది. పసుపు తవ్వే రోజుల్లో కూలికి వెళ్ళి దుంపల నుంచి కొమ్ములు విరిచేది. మిగతా రోజుల్లో మా ఇంటి ముందు గోనెసంచి పరుచుకుని, ఒక కాలు చాపి, ఒక కాలు ముడిచి కూర్చునేది. చెవులు వినబడవు. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో కొడవలికి తెగి వంగదు. ఈ రెండు సంగతులూ ముందు చెప్పడానికి కారణం ఉంది.

బొమ్మల్లో ఏమేం పంపేవాళ్ళం? మేక రెండు పిల్లలను ఈనితే మేకా, రెండు పిల్లలూ. నేను ఎదిగితే తలుపూ, తలుపు మీద గీతా, గీత పక్కన నేను. వాన సరిగ్గా పడకపోతే పొలంలో మక్కకంకులు చిన్నగా. ఒకసారి అమ్మ చాలాసేపు ఆలోచించి, "ఒక మంచం వెయ్యి" అంది.

"మంచం మీద ఎవరిని వెయ్యాలె?"

"ఎవ్వల్ని వెయ్యకు. ఖాళీగనే ఉండనియ్యి."

పక్కింటి పెద్దమ్మ అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "అగో, గిది చదువొచ్చినోనికి సమజైతది, రానోనికి సమజైతది! పిల్లా, ఉత్తరమే నయముండె గదనే!"

"ఊకో అక్కా, పిల్ల ముంగట," అంది అమ్మ. కానీ మంచం తీసేయమనలేదు. నేను నవారు అల్లిక కూడా గీశాను.

కార్డు ప్రతిసారీ పోస్టులో ఒక్కటే వెళ్ళేది కాదు. సెలవు మీద వచ్చి తిరిగి మస్కట్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారని తెలిస్తే, వాళ్ళ చేత సకినాల డబ్బా పంపేవాళ్ళం. సకినాలు సంక్రాంతికి చేసుకుంటారు. మా ఇంట్లో మాత్రం మస్కట్ వెళ్ళే మనిషి దొరికినప్పుడల్లా చేసుకునేవాళ్ళం. నానబెట్టిన బియ్యం దంచి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ఆ పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా పరిచి, కాస్త ఆరాక నూనెలో కాలుస్తారు. మెలి ఎవరి చేతిది వాళ్ళదే. అవ్వ చూపుడువేలు వంగదు కాబట్టి బొటనవేలితో, నడిమివేలితో తిప్పేది. ఆమె సకినం మెలి దూరం దూరంగా పడేది. గుడ్డ మీద పది మంది చుట్టిన సకినాలున్నా అవ్వవి ఏవో మా గల్లీలో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు.

డబ్బా కట్టడం కూడా అవ్వ పనే. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. రేకు డబ్బా అడుగున జొన్న పేలాలు పోసేది. సకినాలను గాజుల్లా వరసగా నిలబెట్టేది. సందుల్లో, సకినం నడిమి బెజ్జాల్లో కూడా పేలాలు నింపేది. మూత పెట్టి, డబ్బాను రొమ్ముకు ఆనించుకుని మెల్లగా ఊపేది. చప్పుడు ఆమెకు వినబడదు. లోపల ఏదైనా కదిలితే ఒంటికి తెలిసేది. కదిలితే మూత తీసి ఇంకో పిడికెడు పేలాలు వేసేది. ఆఖరున పైన పాలిథిన్ కవరులో నా కార్డు.

బాపు ప్రతి శుక్రవారం సాయంత్రం బస్టాండు దగ్గరి ఎస్.టి.డి. బూత్‌కు ఫోన్ చేసేవాడు. అమ్మా, నేనూ ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాళ్ళం. చెవులు వినబడవు కాబట్టి అవ్వ వచ్చేది కాదు. బాపు ప్రతిసారీ మొదట అడిగేది ఒకటే: "అవ్వ ఏం జేస్తుంది?" డబ్బా అందిన వారం ఇంకో మాట చేర్చేవాడు: "ఒక్కటి గూడ ఇరగలేదని అవ్వకు చెప్పుండ్రి." ఇంటికొచ్చి ఆ మాట నేను అవ్వ చెవిలో అరిచి చెప్పేదాన్ని. అవ్వ నోట్లో ఆకు ఓ పక్కకు తోసి అనేది, "ఎందుకిరుగుతయి? కట్టింది నేను గాదు?"

రెండేళ్ళలో నాలుగు డబ్బాలు వెళ్ళాయి.

మూడో ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో అవ్వకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఉంది. మూడో రోజు పొద్దున లేవలేదు. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు. ఊరంతా ఉడికిన పసుపు వాసన ఉండింది. కానీ ఆ వాసన ప్రతి ఏడూ ఆ నెలలో ఉండేదే.

బాపు తమ్ముడు, మా కాక, తలకొరివి పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చుని కాకే చెప్పాడు, "వదినె, అన్నకు ఇప్పుడు చెప్పొద్దు."

అమ్మ తల ఎత్తింది. "కన్నతల్లి వోతే చెప్పకుంటరా?"

"చెప్తే ఏం జేస్తడు? పాస్‌పోర్టు కంపెనోని కాడుండె. సెలవు దసరాకు గాని లేదు. ఏడు అంతస్తుల మీద పలకలు గొట్టే పని. గీ మాట చెవులవడ్డంక కాలు నిలుస్తదా వదినె? ఒకలు వోయిండ్రు. ఇంకొకల్ని వోగొట్టుకుందమా?"

 ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పని: దసరా దాకా, బాపు నేల మీదికి దిగి మా ముందు నిలబడేదాకా, అవ్వ ఉన్నట్టే ఉండాలి.

మొదటి శుక్రవారం ఫోన్లో బాపు అడిగాడు, "అవ్వ ఏం జేస్తుంది?" అమ్మ రిసీవరు నా చేతికిచ్చింది. నేను చెప్పాను, "ఆకు నములుతుంది బాపూ." అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎండలు ముదిరాక బాపు ఫోన్లో చెప్పాడు, "మా రూముల ఉండే వేల్పూరాయన వచ్చిండు సెలవు మీద. పదిహేను రోజులల్ల మర్లి వస్తుండు. అవ్వతోని సకినాలు చేయించి పంపుండ్రి."

ఇంటికొచ్చి అమ్మ దిగులుగా కూర్చుంది. పెద్దమ్మ వచ్చింది, కాక వచ్చాడు.

"లడ్డూలు పంపుదం," అంది అమ్మ.

"సకినాలని పేరువెట్టి అడిగిండు గద," అన్నాడు కాక.

"అత్తకు చెయ్యి నొస్తుందని చెప్తే?" అంది పెద్దమ్మ.

"చెయ్యి నొస్తుందంటే దవాఖానకు తీస్కవోయిండ్రా అంటడు. తీస్కవోయినమంటే డాక్టరేమన్నడంటడు. ఒకదానెంక ఒకటి. ఎక్కడ ఆపుతవ్?" అన్నాడు కాక.

ఇక సకినాలే చేయాల్సి వచ్చింది. మర్నాడు అమ్మా, పెద్దమ్మా పిండి దంచారు. అమ్మ గుడ్డ పరిచి కూర్చుని, చూపుడువేలు చాపి ఉంచి, బొటనవేలితో, నడిమివేలితో మెలి తిప్పడం మొదలుపెట్టింది. అవ్వలాగ. ఎండకు పిండి చేతిలోనే ఆరిపోతోంది. రెండో చుట్టు పూర్తి కాకముందే తెగుతోంది. తడిచేసి మళ్ళీ తిప్పింది. ఈసారి మెలి పడలేదు, తాడులాగ సాదాగా వచ్చింది.

పెద్దమ్మ వంగి చూసింది. "గిది సకినమా, జెర్రిపోతా?"

"అక్కా, నీ దండం వెడ్త, జర నోరు మూసుకో."

"అత్త ఉన్నప్పుడు నేర్సుకోవద్దా మరి? అప్పుడు 'అత్తవి వంకర, నావి సక్కన' అని మురుస్తుంటివి."

అమ్మ చేతిలో పిండి పళ్ళెంలోకి విసిరి ఏడ్చింది. అవ్వ పోయిన రోజు కూడా అమ్మ అంతగా ఏడవలేదు. పెద్దమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు వీపు నిమిరింది. తర్వాత అంది, "ఏడ్వకు. నీ తీర్గనే సుట్టు. కాల్చినంక అన్ని ఇరగ్గొడ్తం. దేశం దాటి వోయేటియి, దారిల ఇరిగినయనుకుంటడు. ముక్కలల్ల ఎవల మెలి ఎవ్వనికి ఎర్కైతది?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ఆలోచించింది. ఆ మాటలో తప్పు ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు. అమ్మ తన చేతివాటంతోనే సకినాలన్నీ చుట్టి కాల్చింది. బాగా వచ్చాయి. ముగ్గురం చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే తీసుకుని విరగ్గొట్టాం. మరీ పొడి కాకుండా, చుట్టు మిగలకుండా. పెద్దమ్మ మధ్యమధ్యన ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది" అనేది. విరిగిన వాటికి పేలాలెందుకని డబ్బా నిండా ముక్కలే పోశాం.

కార్డు నా పని. ఇల్లు వేశాను, మేక వేశాను, ఆరబోసిన పసుపు వేశాను. ఇంటి ముందు గోనెసంచి వేసి ఆపేశాను. కాక వచ్చి చూశాడు.

"అవ్వేది?"

నేను స్కెచ్ పెన్ను మూత పెట్టేశాను.

"బిడ్డా, వెయ్యి," అన్నాడు కాక. గట్టిగా అనలేదు.

అవ్వ సున్నం డబ్బా గూట్లోనే ఉంది. లోపల సున్నం ఎండి పెళుసు కట్టింది. రెండు చుక్కలు నీళ్ళు వేసి గోటితో గీకి పసుపులో కలిపాను. ఎరుపు వచ్చింది. ఒక కాలు చాపి, ఒక కాలు ముడిచి కూర్చున్న అవ్వను వేశాను. చీరకు ఎరుపు వేశాను. ముఖం దగ్గర చేయి ఆగింది. పక్కకు తిరిగి మేకను చూస్తున్నట్టు వేశాను. బాపు వైపు చూస్తున్నట్టు వేయలేకపోయాను.

డబ్బా ఇవ్వడానికి అమ్మా, నేనూ వేల్పూరు వెళ్ళాం. అవ్వ సంగతి బాపుకు చెప్పనని కాక ముందే వెళ్ళి ఆయనతో మాట తీసుకున్నాడు. ఆయన మూట విప్పించాడు. మస్కట్ వెళ్ళేవాళ్ళందరూ అలాగే చూసుకుంటారు.

"గసాలు గిట్ల లెవ్వు గదక్కా? గా దేశంల గసాలు దొర్కితే జైలే."

"లెవ్వు తమ్మీ. సూస్కో."

ఆయన మూత తీశాడు. "గిదేందక్కా, బండెక్కకముందే ఇరిగినయి?"

 ఆయన డబ్బాలోకి ఇంకోసారి చూశాడు, అమ్మ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, మూత గట్టిగా నొక్కి పెట్టి, "మంచిది, ఇస్త" అన్నాడు.

డబ్బా చేరిన వారం శుక్రవారం మేము గంట ముందే బూత్‌లో కూర్చున్నాం. ఫోన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది. బాపు అమ్మను ఆరోగ్యం అడిగాడు, మేకను అడిగాడు, నా చదువు అడిగాడు. సకినాలు అందాయన్నాడు. విరిగాయని అనలేదు. తర్వాత నన్ను పిలిచాడు.

"బొమ్మ అందింది బిడ్డా. మంచిగేసినవ్."

"ఆఁ బాపూ."

 లైను తెగిందేమోనని నేను "బాపూ, బాపూ" అన్నాను.

"ఆఁ. వచ్చే కార్డుల అవ్వను జర పెద్దగ వెయ్యి బిడ్డా. గీ బొమ్మల చిన్నగుంది. ముఖం ఇటు దిక్కు వెయ్యి."

ఇంటికొచ్చి ఆ మాట కాకకు చెబితే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "నమ్మిండు వదినె! ఇగ ఫికర్ లేదు. దసరా దాక గిట్లనే ఎల్లదీద్దం." అమ్మ కూడా ఆ రోజు కడుపునిండా తిన్నది. ఆ శుక్రవారం బాపు "అవ్వ ఏం జేస్తుంది?" అని అడగలేదన్నది మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాతి శుక్రవారాల్లోనూ అడగలేదు. అడగకపోవడం మాకు సుఖంగా ఉంది. అందుకే గమనించలేదనుకుంటాను.

దసరాలోగా ఇంకో రెండు కార్డులు వెళ్ళాయి, పోస్టులో. ఒకదాంట్లో అవ్వ సగం కార్డంత. రెండోదాంట్లో అవ్వ తప్ప ఇంకేమీ లేదు. ముఖం ఇటువైపు తిప్పాను. కళ్ళు వేయడానికి రెండు రోజులు పట్టింది. ఎంత కష్టపడ్డానో చెప్పడానికి ఈ మాట రాయడం లేదు. ఆ రెండు రోజులూ నేను ఆమె ముఖాన్ని గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను, అంతే. అవ్వ కోసం నేను విడిగా ఏడ్చిన గుర్తు లేదు. బహుశా ఆ రెండు రోజులే నా ఏడుపు.

దసరా దాటాక బాపు వచ్చాడు. పొద్దున హైదరాబాద్ బస్సు దిగుతాడని తెలిసి కాకా, నేనూ ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. దారి పొడవునా కాక చెప్పబోయే మాటలు పెదవులతోనే అనుకుంటున్నాడు. బస్సు ఆగింది. బాపు తాడు కట్టిన అట్టపెట్టె దింపుకుని, నా తల మీద చేయి పెట్టి, కాక వైపు చూశాడు.

"అన్నా," అన్నాడు కాక, "ఒక మాట…"

"తెల్సురా. పెట్టెవట్టు."

కాక చేతులు కదల్లేదు. "ఎవడు చెప్పిండు? వేల్పూరోడా?"

"ఎవ్వడు చెప్పలే. నడువు, ఇంటికాడ మాట్లాడుదం."

ఇంటి దగ్గర అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ గోడ పక్కన ఉంది. బాపు కాళ్ళు కడుక్కుని, అవ్వ గోనెసంచి పరుచుకునే చోట నేల మీదే కూర్చున్నాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టబోతే చేయి ఎత్తి ఆపి, చాలా మామూలుగా అడిగాడు, "సకినాలు ఎందుకిరగ్గొట్టినవే?"

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది.

"నేనే ఇరగ్గొట్టుమన్న," అంది పెద్దమ్మ.

"నీ తెలివికి దండం వదినె," అన్నాడు బాపు. ఆ మాటకు పెద్దమ్మ నవ్వబోయి ఏడ్చింది.

"ఎట్ల తెల్సె?" అంది అమ్మ.

"అవ్వ కట్టిన డబ్బల ఎన్నడన్న ఒక్కటిరిగిందా? నాలుగు డబ్బలొచ్చినయి. అందరి ఇండ్ల నుంచొచ్చినయి ముక్కలైతుండె, నావి గాజుల లెక్క నిలవడుతుండె. రూమోళ్ళు ముందుగాల నా డబ్బనే తీసి సూస్తుండ్రి. గీ డబ్బ మూత తీసిన. పైన కార్డుల అవ్వ కూసున్నది. కార్డు తీసిన. కింద ఉత్త ముక్కలు. పేలాలు గూడ లెవ్వు." కూర్చున్న చోట నేల తడుముతూ అన్నాడు, "అవ్వకు పానం బాగలేకున్నా డబ్బ ఇంకొకల్ని కట్టనియ్యది. సచ్చిపోతేనే గట్లయితది."

అవ్వ చేతి మెలి లేదన్నది దాచడానికి మేము అంత కష్టపడ్డాం. అవ్వ డబ్బా కట్టే చేతిని మరిచిపోయాం.

బాపు ఆ డబ్బా తెరిచిన రోజు శుక్రవారమట. రూములో ఒకాయన బాపుకు గుండు గీశాడు. స్నానం చేసి, అన్నం వండి, మొదటి ముద్ద తీసి బయట పిట్టగోడ మీద పెట్టాడు. కాకులు ఉన్నాయో లేవో తెలియదు, పిచ్చుకలు తిన్నాయి అన్నాడు. ఆ తర్వాతే మాకు ఫోన్ చేశాడు. ఆలస్యం అందుకే అయింది.

"మరి ఫోన్ల ఎందుకు చెప్పలే?" అన్నాడు కాక. గొంతులో కోపం కూడా ఉంది.

"నాకు తెలియొద్దని గంత తిప్పలవడ్తున్నరు. తెల్సిందంటే నేను పైకెక్కినప్పుడల్ల ఈడ మీకు బుగులు. తెల్వనట్టుంటేనే మీరు నిమ్మలంగ ఉంటరనుకున్న."

నాకు అప్పుడు పదమూడేళ్ళు. ఎనిమిది నెలలుగా కడుపులో ఉన్నది బయటికి వచ్చింది. "అబద్ధం బొమ్మలేసిన బాపూ."

బాపు నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "నేనే గద పెద్దగ వెయ్యుమన్న. నాకాడ అవ్వ ఫోటో లేకపాయె."

బాపు రెండు నెలలు ఉండి తిరిగి వెళ్ళాడు. వెళ్ళే ముందు అమ్మ సకినాలు చేసింది. తన చేతివాటంతో, ఎవరిలాగానూ కాదు. డబ్బా మాత్రం బాపే కట్టుకున్నాడు. అడుగున పేలాలు, సందుల్లో పేలాలు. మూత పెట్టి, చెవులు బాగానే వినబడినా, డబ్బాను రొమ్ముకు ఆనించుకుని ఊపాడు.

ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు ఆయన మస్కట్‌లో ఉన్నాడు. మొబైళ్ళు వచ్చాక కార్డులు తగ్గిపోయాయి. నేను కాలేజీకి వెళ్ళాక మానేశాను.

బాపు పోయి పద్నాలుగు నెలలైంది. ఈసారి దాచేవాళ్ళెవరూ లేరు. దవాఖానలో అందరం పక్కనే ఉన్నాం. ఈ పద్నాలుగు నెలల్లో చావు గురించి రాసిన పుస్తకాలు చాలా చదివాను. మంచి పుస్తకాలే. నాకు కావలసింది మాత్రం బాపు పెట్టెలో, పాత పాలిథిన్ కవరులో దొరికింది. కార్డులు పదకొండు. మంచం బొమ్మ ఉన్న కార్డు మడతల దగ్గర చిరిగి, టేపుతో అతికించి ఉంది. అవ్వ ఒక్కతే ఉన్న కార్డుకు నాలుగు మూలలా గోడకు అంటించిన మరకలు ఉన్నాయి. సున్నంతో వచ్చిన ఎరుపు నిలబడలేదు. అవ్వ చీర గోధుమరంగుకు తిరిగింది.

పోయిన నెల ఆర్మూర్ వెళ్ళాను. అమ్మ అక్కడే, బాపు ఆ సెలవు తర్వాత పుట్టిన మా తమ్ముడి దగ్గర ఉంటుంది. వెళ్ళే ముందు, చాలా ఏళ్ళ తర్వాత, ఒక పెళ్ళి పత్రిక వెనక బొమ్మ వేశాను. ఇల్లు, తలుపు, నేల మీద కూర్చున్న బాపు, ఒళ్ళో డబ్బా. వేయాలా వద్దా అని ఆలోచించాను. అమ్మ ఏడుస్తుందేమోనని. అమ్మ ఏడవలేదు. కార్డును దూరంగా పట్టుకుని చూసింది.

"చెవులు గింత పెద్దగుంటుండెనా మీ బాపుకు?"

"ఉంటుండె."

"ఉంటుండెనేమో," అని ఒప్పుకుంది. "మేకను వెయ్యకపోతివి."

నేను బయలుదేరే రోజు సకినాలు చేసి డబ్బా కట్టింది. ఇప్పుడు అమ్మ చేతులు వణుకుతాయి. పేలాలు సందుల్లోకి సరిగ్గా పడవు. నేను కడతానంటే ఇవ్వలేదు. మూత పెట్టి రొమ్ముకు ఆనించుకుని ఊపి, "కదుల్తలేదు" అంది.

నిజామాబాద్‌లో బస్సు దిగి ఇంటికొచ్చి మూత తీశాను. నాలుగు విరిగి ఉన్నాయి. ఇంకా చెప్పులు విప్పకముందే ఫోన్ మోగింది.

"ఇంటికి ముట్టినవా?"

"ముట్టిన అమ్మా."

"ఒక్కటన్న ఇరిగిందా?"

"ఒక్కటి గూడ ఇరగలే."

 "మంచిది," అంది అమ్మ. "ఇరిగినయి ముందుగాల తిను."